రేనాక్స్ డీసీఆర్-250: ఆర్నెల్లుగా ఈగపులుల వెంట పడ్డాక నా లెక్క

రేనాక్స్ డీసీఆర్-250 అంటే చిన్న పురుగుల్ని పెద్దగా తీయడానికి కెమెరా లెన్సు ముందు తగిలించుకునే గాజు, ఈగపులులంటే దూకే సాలీళ్ళు. ముందే చెప్పేస్తున్నా, నేను ఫొటోగ్రాఫర్ని కాదండీ. స్కూల్లో లెక్కలు చెప్పుకునే టీచర్ని, ఉండేది వైజాగ్ ఎంవీపీ కాలనీలో, మూడో అంతస్తు, పైన డాబా. కాబట్టి ల్యాబులో టెస్టు పెట్టిన చార్టులూ గ్రాఫులూ ఇందులో వెతక్కండి, దొరకవు. పెట్టిన డబ్బుకి గిట్టుబాటా కాదా, మన ఉక్కలో మన గోడల మీద తిరిగే సాలీళ్ళకి పనికొస్తుందా లేదా, నాకు తెలిసింది అంతే.

కెమెరా కథ అందరిళ్ళల్లో ఉండేదే. 2018లో పాప పుట్టినప్పుడు మా ఆయన ముచ్చటపడి కెనాన్ 200డి కొన్నాడు, రెండు లెన్సుల కిట్టు, 18-55 ఒకటి 55-250 ఒకటి. బారసాల, అన్నప్రాసన, మొదటి పుట్టినరోజు, అక్కడితో దాని ఉద్యోగం అయిపోయింది. తర్వాత అన్నీ ఫోన్లోనే కదా, అది బీరువాలో పట్టుచీరల పక్కన చేరి రిటైరైపోయింది.

పోయిన వానాకాలం ఓ ఆదివారం పాప దోమల మెష్ దగ్గర నిలబడి "అమ్మా, ఇది నన్నే చూస్తోంది" అని కేకేసింది. ఏంటా అని వెళ్తే సాలీడు. చిటికెన వేలి గోరంత ఉంటుంది, బూడిద రంగు. నేను ఎడమకి జరిగితే ఒళ్ళంతా ఇటు తిప్పింది, కుడికి జరిగితే అటు తిప్పింది. మామూలు సాలీడైతే మనిషి నీడ పడగానే మూలకి పోతుంది కదా, ఇది అలా కాదు, ఎవరు నువ్వు ఏం కావాలి అన్నట్టు నిలబడి చూస్తుంది. మా అమ్మమ్మ వీటిని ఈగపులి అనేది. పేరు ఎంత కరెక్టో ఆ తర్వాత అర్థమైంది, గూడు కట్టి కూర్చోదు, నక్కి నక్కి వెళ్ళి ఈగ మీద దూకుతుంది, అచ్చం పులే. ఇంగ్లీషోళ్ళు జంపింగ్ స్పైడర్ అంటారు, సాల్టిసిడే కుటుంబం, సాలీళ్ళ కుటుంబాలన్నిట్లోకీ పెద్దది ఇదే, 6,000 పైచిలుకు జాతులు. మా మెష్ మీదది మెనెమెరస్ బైవిట్టాటస్ అని తర్వాత ఫొటోలు పోల్చుకుని తేల్చుకున్నా, వేడి దేశాలన్నిట్లోనూ ఇళ్ళ గోడల మీద ఉండేదే, మీ ఇంట్లో కూడా ఉండుంటుంది, వెళ్ళి చూడండి.

ఇక పిచ్చి పట్టింది. మొదట ఫోనుకి తగిలించే క్లిప్ లెన్సు ఒకటి తెప్పించా, నాలుగొందలు, బ్రాండు పేరు కూడా లేదు. మధ్యలో ఓ చుక్క తేటగా ఉంటుంది, చుట్టూ అంతా నీళ్ళల్లోంచి చూసినట్టు ఉంటుంది, పైగా ఫోను రెండు వేళ్ళ దూరంలోకి వెళ్తే గానీ ఫోకస్ అవదు, అంత దగ్గరికి మనం వెళ్ళేసరికి అది వెంటిలేటర్ మీద ఉంటుంది. తర్వాత రివర్స్ రింగు, అంటే 18-55ని తిరగేసి కెమెరాకి బిగించడం. చవకే, పని కూడా చేస్తుంది, కాదనను. కానీ అలా తిరగేస్తే అపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే కన్నం, మన చేతిలో ఉండదు, లెన్సు వెనక గాజు గాలికి తెరుచుకుని ఉంటుంది, మాది సముద్రం గాలి తగిలే ఇల్లు. ఓ రోజు సాలీడు ఎగిరి సరాసరి ఆ వెనక భాగంలోకే దూకింది, దాన్ని బయటికి రప్పించడానికి పావుగంట లెన్సుని బోర్లించి పట్టుకుని బతిమాలుకున్నా. ఊళ్ళో ఒక షాపుకెళ్ళి మాక్రో, అంటే చిన్నవాటిని పెద్దగా తీసే లెన్సు, అడిగితే "మాక్రో అంటే 100ఎంఎం లెన్సే మేడమ్, ఇంకే దారీ లేదు" అన్నాడు, రేటు వినగానే నా జీతం గుర్తొచ్చి మంచినీళ్ళు అడిగి తాగి వచ్చేశా.

అప్పుడు కనిపించింది ఈ రేనాక్స్. జపాన్‌వాళ్ళది, టోక్యోలో ఉండే యోషిదా అనే కంపెనీ బ్రాండు. నాకు ఏడు వేల చిల్లర పడింది. డబ్బా తెరిస్తే అరచేతిలో ఇమిడిపోయే గాజు, దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పు, మూతలు, అంతే, మా అత్తయ్య చూసి "దీనికా ఏడు వేలు, కళ్ళజోడుకైనా రెండు గాజులిస్తారు కదే" అంది. ఆవిడ మాటలో తప్పేం లేదు, ఇది నిజంగా కళ్ళజోడే, మన లెన్సుకి పెట్టే కళ్ళజోడు. ప్లస్ 8 పవరు. కాకపోతే లోపల ఒకటే గాజు కాదు, మూడు గాజులు రెండు గుంపులుగా ఉంటాయి, అందుకే మామూలు క్లోజప్ ఫిల్టర్లలాగా అంచుల దగ్గర ఊదారంగు గీతలు కొట్టదు. క్లిప్పు 52 నుంచి 67ఎంఎం దాకా ఫిల్టరు సైజు (లెన్సు ముందు అంచు వెడల్పు) ఉన్న ఏ లెన్సుకైనా పట్టేస్తుంది. మా 55-250 సైజు 58, లెన్సు మూత పెట్టినట్టే రెండు వైపులా నొక్కి వదిలితే టిక్కుమని కూర్చుంటుంది. మూతలాగే తగిలితే ఊడుతుంది కూడా, ఒకసారి డాబా పిట్టగోడకి నేనే కొట్టుకున్నా, కింద కొత్తిమీర కుండీలో పడింది కాబట్టి బతికిపోయింది. అప్పట్నుంచి నల్ల రబ్బరు బ్యాండు చుట్టి పెడుతున్నా.

ఇప్పుడు నా సబ్జెక్టు, కొంచెం ఓపిక పట్టండి. కెమెరా లెన్సుని ఇన్ఫినిటీ, అంటే బాగా దూరానికి ఫోకస్ అయ్యే చోట పెట్టి దీన్ని తగిలిస్తే, ఫోకల్ లెంగ్తుని (లెన్సు మీద ఉండే 55, 250 లాంటి ఎంఎం అంకె) 8తో గుణించి 1000తో భాగిస్తే వచ్చేదే మాగ్నిఫికేషన్. 250 దగ్గర అయితే 2. అంటే సెన్సరు (కెమెరా లోపల బొమ్మ పడే పలక) మీద సాలీడు దాని అసలు సైజుకి రెండింతలు పడుతుంది. 200డి సెన్సరు వెడల్పు 22.3ఎంఎం, కాబట్టి ఫ్రేములో పట్టేది మొత్తం 11ఎంఎం, మా మెనెమెరస్ దాదాపు ఓ సెంటీమీటరు ఉంటుంది, మూతి నుంచి తోక దాకా సరిగ్గా కుట్టించుకున్నట్టు పడుతుంది. ఇక దూరం, 1000ని 8తో భాగించండి, 125ఎంఎం. గాజు మందం గట్రా తీసేస్తే చేతికొచ్చేది అరజానెడు. అసలు నేను ఈ లెన్సుని ప్రేమించింది ఈ అరజానెడు కోసమే. జూమ్ ఎంత తిప్పినా ఆ దూరం మారదు. 100 దగ్గర పెట్టుకుని వెడల్పుగా చూసి సాలీడుని పట్టుకో, అక్కడే ఊపిరి బిగబట్టి 250కి తిప్పు, పిసరంత ముందుకో వెనక్కో జరిగితే చాలు. నిజమైన మాక్రో లెన్సులో సైజు పెంచాలంటే ఇంకా దగ్గరికి జరగాలి, మనం జరిగినప్పుడల్లా అది మనల్ని చూస్తూనే ఉంటుంది కదా. రివర్స్ రింగుతో నేను పడ్డ అవస్థల్లో ఇదీ ఒకటి, ఇందులో అది లేదు. ఈగపులికి అరజానెడు అంటే ఇబ్బంది లేని దూరంలా ఉంది, చాలాసార్లు అదే ఆసక్తిగా ముందుకొస్తుంది, ఫ్రంటు గాజులో దాని బొమ్మే దానికి కనిపిస్తుందేమో ముందు కాళ్ళు ఎత్తి ఊపుతుంది, మరీ ముచ్చటేస్తే లెన్సు మీదకే దూకేస్తుంది.

ఇంకో మంచి విషయం, ముందు తగిలించేది కాబట్టి వెలుతురు తినదు. అదే ఎక్స్‌టెన్షన్ ట్యూబులతో, అంటే కెమెరాకీ లెన్సుకీ మధ్య పెట్టే ఖాళీ గొట్టాలతో, రెండింతలు తీయాలంటే ఎఫ్11 పెట్టినా (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అపర్చర్ కన్నం చిన్నదవుతుంది) సెన్సరుకి అందేది సుమారు ఎఫ్33 వెలుతురే. మా పక్క ఫ్లాటు అంకుల్ ట్యూబులు వాడతారు, ఆయన ఫొటోలు నావాటికంటే ఎప్పుడూ ఓ అమావాస్యంత చీకటిగా ఉంటాయి. సారీ అంకుల్.

ఇప్పుడు చేదు నిజం. రెండింతల దగ్గర ఎఫ్11లో ఫోకస్‌లో ఉండే మందం మిల్లీమీటరులో పదో వంతు. అర్థం కాకపోతే ఒక జిరాక్స్ కాగితం తీసి అంచు చూడండి, అంతే, ఆ కాగితం మందం మాత్రమే తేటగా వస్తుంది. సాలీడు ముందు కళ్ళు వస్తే పక్క కళ్ళు రావు, పక్క కళ్ళు వస్తే మూతి మీద వెంట్రుకలు పోతాయి. మొదటి వారం రెండొందల ముప్పై ఫొటోలు తీస్తే పనికొచ్చింది ఒక్కటి, అందులో కూడా తేటగా వచ్చింది సాలీడు కాదు, మెష్ తీగ. ఎఫ్22కి బిగిస్తే మందం పెరుగుతుంది కదా అంటారు, పెరుగుతుంది, కానీ ఫొటో మొత్తం మెత్తబడిపోతుంది, గాజు తుడవనట్టు. ఎఫ్11 నుంచి 13 మధ్యలోనే ఉండండి. ఫోకస్ రింగు జోలికి పోకండి, ఆటో ఫోకస్ ఆపేయండి, ఒళ్ళు ముందుకీ వెనక్కీ ఊపుతూ కళ్ళు మెరిసిన క్షణాన నొక్కడమే. ట్రైపాడ్ తీసుకోకండి, నేను తీసుకున్నా, ఇప్పుడు దాని మీద వడియాలు ఆరబెట్టిన గుడ్డ ఆరుతోంది. నేను చేసేది ఏంటంటే, ఎడమ చేత్తో ఆకో పుల్లో పట్టుకుని, లెన్సు మూతిని అదే ఎడమ చేతి మణికట్టు మీద ఆనిస్తా. అప్పుడు చెయ్యి వణికినా కెమెరా, ఆకు రెండూ కలిసే వణుకుతాయి. ఈ ఒక్క చిట్కాకి నా రెండొందల ముప్పైలో ఒకటి కాస్తా వందలో ఇరవై అయింది.

వెలుతురు గురించి ఎవరూ ముందు చెప్పరు, అందరూ లెన్సు లెన్సు అంటారు, నా మాట వినండి, లెన్సు సగమే. ఎఫ్11లో చేత్తో పట్టుకుని తీయాలంటే ఫ్లాష్ ఉండాల్సిందే, డాబా మీద మిట్టమధ్యాహ్నం ఎండ కూడా చాలదు, చాలినా అది సాలీడు ఒంటి మీద సున్నం కొట్టినట్టు పడుతుంది. నాది గోడాక్స్ టీటీ350, చిన్నది, రెండు పెన్సిల్ సెల్సుతో నడుస్తుంది. సెట్టింగు మాన్యువల్, షట్టరు 1/200 సెకను, ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సరు స్పందించే మోతాదు) 200, ఫ్లాష్ పవరు 1/16 దగ్గర మొదలుపెట్టి అటూ ఇటూ. పవరు తగ్గించినకొద్దీ ఫ్లాష్ వెలిగి ఆరే సమయం ఇంకా చిన్నదవుతుంది, చెయ్యి కదిలినా సాలీడు కదిలినా అక్కడికక్కడ ఆగిపోయినట్టు పడుతుంది.

కానీ ఫ్లాష్ ఊరికే పెట్టి కొడితే ఏమవుతుందో చెప్తా వినండి. ఈగపులి ముందు కళ్ళు నున్నటి నల్ల పూసల్లా ఉంటాయి, ఎదురుగా ఏముంటే అది అందులో కనిపిస్తుంది. బోడి ఫ్లాష్ కొడితే ఆ నల్లపూసలో తెల్లటి సూది మొన లాంటి చుక్క, అంతే, కన్ను చచ్చిపోయినట్టు ఉంటుంది, ఒంటి మీద వెంట్రుకలు తెల్లగా కాలిపోతాయి. ఇంకో గొడవ, 55-250ని 250కి లాగితే లెన్సు పొడుగవుతుంది, ఫ్లాష్ వెలుతురు లెన్సు మూతి దాటి కిందకి దిగదు, సాలీడు సరిగ్గా లెన్సు నీడలో కూర్చుంటుంది. నేను నాలుగు రకాలు చేసి చూశా. టిష్యూ పేపరు, పనికిరాలేదు. థర్మోకోల్ పలక, గాలికి ఎగిరిపోయింది. పెరుగు డబ్బా, చిన్నదైంది. చివరికి కుదిరింది బిర్యానీ పార్శిల్ డబ్బా, తెల్లది, పెద్దది. దాని అడుగు కోసేసి ఫ్లాష్ తలకి తొడిగి, లోపల చపాతీలు చుట్టే ఫాయిల్ అతికించి, ముందు మూతి దగ్గర బటర్ పేపరు రెండు పొరలు, మొత్తం లెన్సు మూతి మీద గొడుగులా ముందుకి వాలేట్టు కట్టా. ఎన్నిసార్లు కడిగినా ఎండలో వేడెక్కితే మసాలా వాసన వస్తుంది, అది వేరే సంగతి.

అది పెట్టి తీసిన మొదటి ఫొటోని కంప్యూటర్లో పెద్దది చేసి చూసినప్పుడు కాసేపు మాట రాలేదు. కంట్లో సూది మొన లేదు. పైన మెత్తటి తెల్లటి అర్ధచంద్రం, అది నా బిర్యానీ డబ్బా. దాని కింద సన్నగా నీలంగా ఓ పట్టీ, అది ఆకాశం. ఇంకా కింద చిన్న నల్లటి మచ్చ, చూడగా చూడగా అది నా ఎడమ చెయ్యి, పుల్లని పట్టుకున్న వేళ్ళు. కన్ను చుట్టూ నారింజ, తెలుపు పొలుసులు ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు, కనురెప్పల్లా ఉండే వెంట్రుకలు వంగి ఉన్నాయి, మూతి కింద మీసం లాంటి తెల్ల కుచ్చులో ఏదో పుప్పొడి రేణువు ఇరుక్కుని ఉంది. పాప చూసి "అమ్మా దీనికి మొహం కడగలేదు" అంది.

కళ్ళ సంగతి ఎత్తాను కాబట్టి ఒకటి. మొత్తం ఎనిమిది కళ్ళు, ముందున్న పెద్దవి రెండూ వివరంగా చూడ్డానికి, మిగతావి చుట్టూ ఏం కదులుతోందో పసిగట్టడానికి. పెద్ద కళ్ళ గాజు కదలదు, అది తలకి అతుక్కుని ఉంటుంది, లోపల పొడుగాటి గొట్టంలో వెనకున్న రెటీనా కండరాలతో అటూ ఇటూ కదులుతుంది. అందుకే వరసగా పది ఫొటోలు తీస్తే ఒకదాంట్లో కన్ను కారునలుపు, ఇంకోదాంట్లో గోధుమరంగు. నేను మొదట వైట్ బ్యాలెన్సు (రంగులు సరిచేసే సెట్టింగు) చెడిందేమో అనుకుని సెట్టింగులన్నీ మార్చి పారేశా. సరిగ్గా మనవైపు చూస్తున్నప్పుడు నల్లగా, పక్కకి చూస్తున్నప్పుడు లేతగా కనిపిస్తుందట. నల్లగా ఉన్న ఫొటో ఉంచుకోండి, అందులో అది మిమ్మల్నే చూస్తోంది.

దూకడం తీద్దామని రెండు నెలలు పోగొట్టుకున్నా, చెప్పుకోడానికి ఒక్కటీ లేదు. దూకేముందు కూర్చున్నచోట ఓ దారం అతికిస్తుంది, పడితే వేలాడ్డానికి. అది మాత్రం ఒకసారి దొరికింది, వెలుతురులో వెంట్రుక కంటే సన్నగా మెరుస్తూ. కాళ్ళు చాపడానికి వాటికి కండరం కంటే ఒంట్లోని రక్తం ఒత్తిడే ఎక్కువ పనిచేస్తుంది, బండి బ్రేకు ఆయిల్ లాగా. చచ్చిన సాలీడు కాళ్ళు ముడుచుకుపోయి ఉండటం చూసే ఉంటారు, ఆ ఒత్తిడి పోవడం వల్లే అలా. అవి దూకేది మనం బటన్ నొక్కేలోపే. కదలిక పసిగట్టి కెమెరాని అదే నొక్కించే లేజరు ట్రిగ్గర్లు ఉన్నవాళ్ళ పని అది, ఈ లెన్సు తప్పు కాదు.

మా వాచ్‌మన్‌ది శ్రీకాకుళం వైపు. రోజూ పొద్దున్నే నేను గేటు పక్క గోడ దగ్గర వంగి నిలబడటం చూసి చూసి ఓ రోజు ఉండబట్టలేక "ఏటమ్మా, దానికేటైనా పెళ్ళి సంబంధం సూత్తన్నారేటి, ఇన్నేసి ఫొటోలు తీత్తన్నారు" అన్నాడు. ఇప్పుడు ఆయనే నాకు మెయిన్ సప్లయరు. "అమ్మా మోటారు రూము కాడ నల్లచారలది ఒకటుంది, రండి" అని ఫోన్ చేస్తాడు. వెళ్తే ప్లెక్సిప్పస్ పేకుల్లి మగది, నలుపు మీద తెల్ల చారలు, టైలు కట్టుకున్న ఆఫీసరులా ఉంటుంది.

డాబా అయిపోయాక కంబాలకొండ. జూ ఎదురుగా, హైవే పక్కనే అడవి, పొద్దున్న ఏడింటికల్లా లోపల ఉండాలి, తొమ్మిది దాటితే ఉక్కకి మనకీ పని జరగదు, సాలీళ్ళకీ హుషారు ఎక్కువై నిలబడవు. చలికాలం పొద్దున్నే బెస్టు, డిసెంబరు, జనవరి, ఆకుల మీద మంచు ఉన్నప్పుడు బద్ధకంగా కూర్చుంటాయి. అక్కడే వెడల్పాటి ఆకు మీద టెలమోనియా డిమిడియాటా ఆడది దొరికింది, లేత పసుపు ఒళ్ళు, వీపు మీద రెండు ఎర్ర గీతలు, కళ్ళ చుట్టూ ఎర్ర కాటుక. 2002 ప్రాంతంలో దీని ఫొటో పెట్టి టాయిలెట్ సీటు కింద దాక్కుని మనుషుల్ని చంపుతుందని ఈమెయిళ్ళు తిప్పారు, శుద్ధ అబద్ధం, ఇది చంపేది ఈగల్నీ పురుగుల్నే. ఇంకో రోజు మామిడి కొమ్మ మీద, ఆకులు కుట్టి గూళ్ళు కట్టుకునే ఎర్రచీమల లైన్లో ఒకటి తేడాగా నడుస్తోంది, ముందు కాళ్ళు మీసాల్లా ఎత్తి ఊపుతోంది. లెన్సు పెట్టి చూస్తే చీమకి అంతంత కళ్ళేంటి! చీమ వేషం వేసుకున్న ఈగపులి. వేషగాడిని తీద్దామని వంగితే అసలు చీమలు నా మెడ మీదకెక్కాయి, ఆ రోజు ఫొటోలన్నీ షేకే. అక్కడ అరజానెడు దూరం చాలదు, రెండు మీటర్లు కావాలి.

ఒక మాట. సాలీడు కదలకుండా ఉండాలని ఫ్రిజ్‌లో పెట్టి తీసుకోమని కొందరు సలహా ఇస్తారు, దయచేసి ఆ పని చేయకండి. అలా తీసిన ఫొటో చూడగానే తెలిసిపోతుంది, కాళ్ళు ఎటో పడి ఉంటాయి, నిలబడే తీరులో పొగరు ఉండదు. ఆ పొగరు కోసమే కదా ఇదంతా.

ఇప్పుడు వైజాగ్ వాళ్ళకి మాత్రమే ఓ పేరా. రేనాక్స్ కొన్న ఉత్సాహంలో బీరువాలో ఉన్న 18-55 తీసి చూస్తే లోపల సాలెగూడు లాంటి తెల్లటి తీగలు. నిజం సాలెగూడైనా సంతోషించేదాన్ని. ఫంగస్. గాలిలో తేమ 60 శాతం దాటి ఉంటే లెన్సు లోపల బూజు పడుతుంది, మన ఊళ్ళో 60 అంటే అది పొడి రోజు. బాగుచేయడానికి ఓ రిపేరు షాపులో చెప్పిన రేటుకి కొత్తదే వస్తుంది. అదృష్టం కొద్దీ 55-250కి పట్టలేదు. ఇప్పుడు గట్టి మూత ఉన్న పప్పుల డబ్బాలో కెమెరా, రేనాక్స్, ఫ్లాష్ పెట్టి అడుగున నీలం సిలికా జెల్ పోసి, పక్కన చిన్న తేమ మీటరు పెట్టా, 45 దగ్గర ఉంచుతున్నా. జెల్ గులాబీ రంగుకి తిరిగితే ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. బీచ్ రోడ్డు వైపు వాళ్ళయితే బయటికెళ్ళొచ్చాక ముందు గాజు మీది ఉప్పు పొర కూడా తుడవాలి, ఊరికే గుడ్డ పెట్టి రుద్దకండి, ముందు బ్లోయరుతో ఊది ఆ తర్వాతే గుడ్డ. బీరువా, పట్టుచీరలు, కలరా ఉండలు, ఇవేవీ కెమెరాకి మంచి స్నేహం కాదు.

ఎవరు కొనాలి అంటారా. బీరువాలో 55-250 లాంటి జూమ్ పడున్న ప్రతివాళ్ళూ కొనొచ్చు, నేను కొన్నప్పుడు ఏడెనిమిది వేలల్లో రెండింతల మాక్రో ఇంకోటి నాకు కనిపించలేదు. ఒక్క 18-55 మాత్రమే ఉంటే కొనకండి, 55 దగ్గర లెక్క వేసుకోండి, 0.44, అంటే సాలీడు ఫ్రేములో కందిగింజలా ఉంటుంది, 18 వైపు తిప్పితే మూలలు నల్లగా మూసుకుపోతాయి. మీ దగ్గర 300 జూమ్ ఉంటే దీని తమ్ముడు డీసీఆర్-150 కూడా చూడండి, పవరు 4.8, దూరం దాదాపు జానెడు వస్తుంది, సీతాకోకచిలకలకీ తూనీగలకీ అదే మేలు. ఈగపులికి మాత్రం 250నే. ఇది తగిలించాక దూరంగా ఉన్నది ఏదీ ఫోకస్ అవదు, అరజానెడు అంటే అరజానెడే, అది తెలియక పాప స్కూలు డ్యాన్సుకి ఊడదీయకుండా తీసుకెళ్ళి "లెన్సు పాడైంది" అని ఫోన్ చేసిన మహానుభావుడు మా ఇంట్లోనే ఉన్నాడు. ఇంకా ఫింటెల్లా విట్టాటా లాంటి నీలంగా మెరిసే చిన్నవి ఉంటాయి, నాలుగైదు మిల్లీమీటర్లు, జామాకుల మీద, వాటి మొహం ఫ్రేము నిండా కావాలంటే రెండింతలు చాలదు, క్రాప్ చేసుకోవాలి. 24 మెగాపిక్సెల్ కాబట్టి ఫోనులో చూడ్డానికి సరిపోతుంది, గోడకి పెద్ద ప్రింటు వేయాలంటే కష్టమే. ఐదుకి నేనిచ్చేది నాలుగున్నర, ఆ అర ఎందుకు తగ్గించానంటే ఫోకస్ కాగితం మందం అవడం లెన్సు తప్పు కాదని నాకు తెలుసు గానీ నా నడుము ఒప్పుకోవట్లేదు.

ఈ వారం కొత్త గొడవ. హాల్లో మెష్ పై మూల, చట్రం సందులో మా మెనెమెరస్ ఆడది తెల్లటి పట్టు సంచి అల్లి అందులో గుడ్లు పెట్టి కాపలా కూర్చుంది. సరిగ్గా సంక్రాంతి ముందు. అత్తయ్య బూజుకర్ర పట్టుకుని వచ్చింది. "ఇది గూడు కట్టే రకం కాదత్తయ్యా, ఇంట్లో బూజు దీనిది కాదు, వేరేవాటిది" అని నేను, "అయితే ఆ వేరేవాటికి కూడా ఫొటోలు తీసి పంపించెయ్యవే" అని ఆవిడ. చివరికి ఒప్పందం ఏంటంటే ఇల్లంతా దులపొచ్చు, ఆ ఒక్క కిటికీ భోగి వెళ్ళేదాకా ముట్టుకోకూడదు, బదులుగా పండగ అరిసెల పాకం డ్యూటీ నాది. పిల్లలు బయటికొస్తే ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటాయి కాబట్టి డీసీఆర్-250 సరిపోదు, రేనాక్స్‌లోనే ఎంఎస్ఎన్-202 అని ప్లస్ 25 పవరుది ఉంది, 250 దగ్గర 6.25 రెట్లు, దూరం మూడు సెంటీమీటర్లు. దానికి ఇంట్లో అర్జీ ఇంకా పెట్టలేదు, ముందు పాకం సరిగ్గా రావాలి.